బావకు ఇవ్వని ఇంజన్

పోయిన నెల ఒక గురువారం పొద్దున అక్క ఫోన్ చేసి, "బావ పోయిండు రా తమ్మీ" అన్నది. నేను నవ్వాను. "పక్కన కూసోబెట్టుకొని చెప్పిస్తుండా? ఫోన్ బావకియ్యి" అన్నాను. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినబడింది. చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. నిజామాబాద్‌లో నా బనియన్ల దుకాణం షటర్ అప్పటికి సగమే ఎత్తాను. దాన్ని మళ్ళీ దించి బోధన్ దారి పట్టాను.

చావు కబురు విని నవ్వినవాడు ఏం మనిషని మీరు అనుకుంటే తప్పు లేదు. కానీ మా బావాబామ్మర్దుల వరస అట్లాంటిది. ఉత్తుత్తి కబుర్లతో ఒకరినొకరం పరుగెత్తించడం ముప్పై ఏళ్ళుగా మాకు అలవాటు. అక్క పెళ్ళిలో ఆయన పాన్‌లో పచ్చిమిరపకాయ పెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే మొత్తం నమిలి మింగి, "ఇంకోటి ఉన్నదా బామ్మర్దీ?" అన్నాడు. నాకు మొగుడు దొరికాడని ఆ రోజే అర్థమైంది.

బావ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు పిండే రోలర్లకు తన ఎత్తున్న పానాతో నట్లు బిగించిన మనిషి. ఫ్యాక్టరీ మూతబడ్డాక కుట్టుమిషన్లు, మిక్సీలు బాగు చేసుకుంటూ బతికాడు. అవే చేతులతో, మేడ మీది గదిలో, గడియారాలు బాగుచేసేవాళ్ళ భూతద్దం కంటికి తగిలించుకొని ఆవగింజంత స్క్రూలను తిప్పేవాడు. ఆయనకు చిన్న రైళ్ళ పిచ్చి. చిన్న రైళ్ళంటే పిల్లలు తాడు కట్టి లాగేవి కావు. అసలు ఇంజన్‌ను అంగుళం అంగుళం కొలిచి ఎనభై ఏడో వంతుకు కుదించి చేసేవి. పట్టాల్లో కరెంటు పారుతుంది, ఇంజన్ దాన్ని చక్రాలతో అందుకొని నడుస్తుంది. ఎవరైనా వాటిని బొమ్మలంటే చాయ్ ఇవ్వకుండా పంపేవాడు. నేను కావాలనే బొమ్మలనేవాణ్ని. నాకు చాయ్ అక్క ఇచ్చేది.

గది నిండా ప్లైవుడ్ బల్ల, దాని మీద చుట్టూ తిరిగొచ్చే పట్టాలు. ఒక కొసన నిజామాబాద్ స్టేషన్, ఇంకో కొసన బోధన్. నడుమ చీపురు పుల్లలకు ఆకుపచ్చ రంగు వేసి నిలబెట్టిన చెరుకు తోటలు. ఇనుప గొట్టంతో చేసిన ఫ్యాక్టరీ చిమ్నీ, దాని మూతికి దూది పొగ.

"ఫ్యాక్టరీ బందయి ఎన్నేండ్లాయె, ఇంక పొగ ఎందుకు బావ?" అని అడిగాను ఒకసారి.

"ఈడ జీతాలిచ్చేది లేదు గద. నడవనియ్యి" అన్నాడు.

ఆయన దగ్గర కొత్తవి తక్కువ. ఎవరో విసిగిపోయి వదిలించుకున్న ఇంజన్లను ఫోన్‌లో వెతికి తెప్పించేవాడు. విప్పి తెల్లగుడ్డ మీద వరుసగా పరిచేవాడు. చక్రాలకు పట్టిన నల్ల జిడ్డును స్పిరిట్ ముంచిన దూదితో తీసేవాడు. సూది మొన మీద ఒక్క చుక్క నూనె వేసేవాడు, రెండో చుక్క వేస్తే దుమ్మును భోజనానికి పిలిచినట్టే అనేవాడు. పళ్ళచక్రం పగిలితే పాడైన సీడీ ప్లేయర్ పొట్ట కోసి సరిపోయేదాన్ని పట్టుకునేవాడు. ఇంజన్ మొరాయిస్తే నేను దాని అమ్మను తలుచుకునేవాణ్ని. బావ మాత్రం, "ఇంజన్ను తిట్టకు. ముందుగాల పట్టా తుడువు" అనేవాడు. చాలాసార్లు తప్పు పట్టాల మీది దుమ్ముదే అయ్యేది. మనుషుల విషయంలోనూ ఆయన అదే చేసేవాడనుకుంటాను. నేను ముందు తిట్టి తర్వాత తుడిచే రకం.

ఆ పట్టాల మీదే నేనొక ఘనకార్యం చేశాను. దసరాకు కుట్టుమిషన్ నుంచి ఆటో దాకా అన్నింటికీ పసుపూ కుంకుమా పెట్టి మొక్కుతాం కదా. ఒక దసరా పొద్దున బావ మటన్ తేవడానికి పోయిన సందులో మేడెక్కి, గిన్నెడు పసుపు తడిపి పట్టాల పొడుగునా పూశాను. ఇంజన్లకు బొట్లు పెట్టాను. జీవితంలో నేను నిజంగా భక్తితో చేసిన పని అదొక్కటే. పసుపు ఎండి పట్టాల మీద పొర కట్టింది, కుంకుమ ఇంజన్ల కడుపులోకి దిగింది. ఒక్క చక్రం కదల్లేదు. అల్లరికి కాదు, మొక్కుకే చేశానంటే బావ ఎందుకు నమ్ముతాడు? పెన్సిల్ రబ్బరు ఒకటి చేతిలో పెట్టి, "నువ్వే పూసినవ్, నువ్వే తుడువు" అన్నాడు. రెండు ఆదివారాలు నడుం పడిపోయేట్టు వంగి బల్లంతా తుడిచాను. ఆఖరి మూర అయిపోయాక బావ అలమార తెరిచి చిన్న గూడ్సు వ్యాగన్ ఒకటి తీశాడు. దాని కడుపు కింద అట్లాంటి రబ్బరే అతికించి ఉంది. పట్టా మీద పెట్టి చేత్తో తోసుకుంటూ పోతే చాలు, గంటలో తేలే పని.

"గిది ముందుగాలనే ఉన్నదా బావ?"

"ఉన్నది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

కొత్తది కావాలని ఆయన పట్టుబట్టింది ఒక్కదానికే. మన బోధన్ ప్యాసింజర్‌ను లాగిన రకం డీజిల్ ఇంజన్‌ను ఒక కంపెనీ కొత్తగా విడుదల చేస్తున్నదని ఫోన్‌లో చూశాడు. అన్నాళ్ళూ పరాయి దేశాల ఇంజన్లకు మన రంగులు పూసుకొని సరిపెట్టుకున్న మనిషి, ఆ రోజే బుక్ చేశాడు. వాళ్ళు ముందు ఉగాది అన్నారు, తర్వాత వానాకాలం అన్నారు, ఆ తర్వాత రంగు తేడా వచ్చిందన్నారు. ఏడాది గడిచింది. బోధన్‌లో తన గల్లీకి కొరియర్ ఆలస్యమవుతుందని నా దుకాణం చిరునామా ఇచ్చాడు.

చివరికి ఒక బుధవారం అట్టపెట్టె వచ్చింది. మంచి మనిషైతే వెంటనే ఫోన్ చేసేవాడు. నేను దాన్ని బనియన్ల మూట వెనక దాచాను. ఆదివారం బోధన్ పోయి, అందరం భోజనానికి కూర్చున్నాక, బావ అన్నం గిన్నె మూత తీస్తే లోపల ఇంజన్ కనబడాలని నా పథకం. ఆ ఆదివారం సిరికొండలో ఒక పెళ్ళి అడ్డం వచ్చింది. పై ఆదివారానికి జరిపాను. ఈలోగా రోజూ పొద్దున బావ ఫోన్ చేసేవాడు.

"వచ్చిందా?"

"రాలే బావ."

"ఏమంటుండ్రు మరి?"

"మాక్లూర్ కాడ లారీ బోల్తా పడ్డదంట."

"అయ్యో. దెబ్బ డ్రైవర్‌కు తగిలిందా, ఇంజన్‌కా?"

ఆ మాట అని, దగ్గులాంటి నవ్వొకటి నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు సంగతి నేను పట్టించుకోలేదు. నా ఆటలో నేను మునిగి ఉన్నాను.

ఆ పై ఆదివారానికి మూడు రోజుల ముందు, గురువారం పొద్దున, అక్క ఫోన్ వచ్చింది.

షటర్ దించే ముందు ఆ అట్టపెట్టెను తీసి స్కూటర్ డిక్కీలో పెట్టాను. ఎందుకో తెలియదు. బోధన్‌లో ఉన్న ఆ మూడు రోజులూ నా కాలు ఒక చోట నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే స్కూటర్ దగ్గరికి పోయి, డిక్కీ తాళం తీసి, చూసి, మళ్ళీ వేసేవాణ్ని. అడిగినవాళ్ళకు పెట్రోల్ చూస్తున్నానని చెప్పాను. కదలని స్కూటర్‌లో అన్నిసార్లు పెట్రోల్ చూస్తున్నా ఎవరికీ వింత అనిపించలేదు. నా పేరు ముందే అట్లాంటిది.

మూడో రోజు, శనివారం, కాలువ పక్కన పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తాం. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అంటారు. మటన్ కూర, మక్క గారెలు, చాయ్, బీడీ కట్ట అన్నీ పెట్టాం. కాకులు తుమ్మ కొమ్మ మీద కూర్చొని మా మొహాలే చూస్తున్నాయి. బాల్కొండ నుంచి వచ్చిన అక్క బిడ్డ, తల్లి పక్కన నిలబడి, "అవ్వను మంచిగ సూసుకుంట బాపు, ముట్టు" అని దండం పెట్టింది. ఒక్క కాకీ దిగలేదు.

మా పెద్దబాపు గడ్డం గోక్కుంటూ, "ఏందో మనసుల ఉండిపోయినట్టున్నది. దేనికోసమన్న ఎదురుసూసిండా?" అన్నాడు.

"ఇంజన్ కోసం" అన్నది అక్క, నన్నే చూస్తూ.

ఇంక నిలబడలేకపోయాను. గట్టు మీదున్న స్కూటర్ దగ్గరికి పరుగెత్తాను. డిక్కీ తాళం తీశాను. పెట్టె పట్టుకొని మళ్ళీ దిగేసరికి కాకి గారె ముక్క ఎత్తుకుపోయింది. అందరూ కాలువలో కాళ్ళు కడుక్కుంటున్నారు. "ముట్టింది, ముట్టింది, పదుండ్రి" అంటున్నాడు పెద్దబాపు.

ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగడం లేదు. పెట్టెను మళ్ళీ డిక్కీలో పడేసి, నాలుగు రోజులాగి, "ఇయ్యాల్నే వచ్చింది" అని తెచ్చిస్తే అయిపోతుంది. నేనాడిన అబద్ధాల్లో అది చాలా చిన్నది. ఒక అడుగు వెనక్కి వేశాను కూడా. అప్పటికే అక్క తడి కాళ్ళతో గట్టెక్కి నా ఎదురుగా నిలబడింది.

"గదేనా?"

"గదే అక్క. పది దినాలాయె వచ్చి. నేనే దాసిన. రేపు ఇద్దామనుకున్న."

అక్క పెట్టె మీద చెయ్యి పెట్టింది. తీసుకోలేదు. "ఆయనకు ఎరుకే" అన్నది.

"ఏమెరుక అక్క?" అన్నాను.

"వచ్చిన దినమే ఆయన ఫోన్ల మెసేజ్ పడ్డది. నాకు జూపిచ్చి ఒక్కటే నవ్వుడు. నీ తమ్ముడు దాసిండు, ఎన్ని దినాలు దాస్తడో సూద్దామన్నడు. నేను అడుగుతనంటే వద్దన్నడు. వాడు సంబురంగ ఉన్నడు, ఉండనియ్యి అన్నడు."

చిరునామా నాది, ఫోన్ నంబరు ఆయనది. నిజామాబాద్ అంతా నన్ను తెలివైనవాడంటుంది. నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఏడాది పాటు కంపెనీ కోసం ఎదురుచూసిన మనిషి, ఎనిమిది రోజులు నా కోసం ఎదురుచూశాడు. ఈ మాట వింటే గుండె తేలికవుతుందని మీరు అనుకుంటారేమో. నాకు ఇప్పటికీ తేలలేదు.

అక్క నాలుగడుగులు నడిచి ఆగింది. "అయినా ఇచ్చేది ఉండె రా" అన్నది.

పదకొండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక సాయంత్రం అక్క నన్ను మేడ మీదికి పిలిచింది. ఆ గదిలో తను కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. చాయ్ పెట్టి దిగిపోయేది. మెసేజ్ వచ్చిన రోజే బావ పట్టాలన్నీ తుడిచి, ఐదు బోగీలను బోధన్ స్టేషన్‌లో పక్క పట్టా మీద వరుసగా నిలబెట్టాడట. అవి అట్లాగే ఉన్నాయి.

కొత్త ఇంజన్‌కు వెంటనే బోగీలు తగిలించకూడదనేవాడు బావ. అరగంట ఇటు, అరగంట అటు ఒట్టిగా నడిపించి కాళ్ళు సాగనివ్వాలి. పెట్టె టేపును ఆయనలాగే చింపకుండా బ్లేడుతో కోశాను. ఇంజన్‌ను పట్టా మీద పెట్టి మీట మెల్లగా తిప్పాను. కాస్త ముక్కి, కదిలి, దీపం వెలిగించుకొని పోయింది.

అక్క ఆయన స్టూలు మీద కూర్చుంది. అరగంట అయింది. వెనక్కి నడపాలంటే ముందు ఆపాలి. మీట మీద చెయ్యి వేశాను.

"ఇంకొక్క సుట్టు తిరగనియ్యి" అన్నది అక్క.

తిరిగింది. ఆ తర్వాత ఎన్ని చుట్లు తిరిగిందో మాకు తెలియదు. ఆపమని తను అనలేదు, నేను ఆపలేదు. స్టేషన్‌లో ఐదు బోగీలూ నిలబడే ఉన్నాయి. ఇంజన్ ప్రతిసారీ వాటి పక్కగా వస్తోంది, దాని దీపం ఒక్కో కిటికీ మీదా పడుతోంది, దాటిపోతోంది.