ముగ్గుపిండి బస్తీ

మొన్న రోడ్డు పనివాళ్లు మా గేటు ముందు సున్నంతో గీత గీసి వెళ్లారు. ఆ తెల్లగీత చూడగానే జీడిమెట్ల వెనక మా పాత బస్తీ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు బస్తీలో ఆడవాళ్ల సంఘం పెట్టిస్తానని ఒక మేడమ్ వచ్చింది. ఎవరికేం కావాలో తెలియాలంటే ముందు నేల మీద బస్తీ పటం గీయాలంటూ ఆడవాళ్ల చేతికి ముగ్గుపిండి ఇచ్చింది. మా అవ్వ నమ్మలేదు. అంతకుముందు సున్నం గీతలు పడ్డ గల్లీలో ఇళ్లు కూల్చారు మరి. ఎవరో మా ఇల్లు గీయగానే అవ్వ కాలితో చెరిపేసింది. అది చూసి అందరూ ఎవరి ఇల్లు వాళ్లు చెరుపుకున్నారు.

"పోనీ, మీరే గీయండమ్మా" అంది మేడమ్.

అవ్వ పిడికెడు పిండి తీసుకుని, కంపెనీ మురికినీళ్లు మా గడపల ముందు పారే మోరీ ఒక్కటే గీసింది.

"కూలగొడితె గిది కూలగొట్టుండ్రి."

తెల్లారి బుల్డోజరు మోరీ కోసం వస్తుందని నేను బడి ఎగ్గొట్టి గడప మీద కూర్చున్నాను. రాలేదు. సంఘం మొదటి అర్జీ మాత్రం ఆ మోరీ మీదే వెళ్లింది. కొన్నేళ్లకు దాని మీద బండలు పరిచారు. అవ్వ వాటినీ నమ్మలేదు, కాలితో తట్టి చూశాకే దాటేది.

మొన్నటి గీతను నేను చెప్పుతో చెరిపేశాను.