బూడిదను నమ్మని మా మరదలు

మా తమ్ముడి భార్య పోయింది. పన్నెండు రోజులైంది. పొద్దున్న టీ తాగుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసి, "పెదనానా, అమ్మ లెగట్నేదు" అంది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. గుండె ఆగిందన్నారు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. ముందు పోవలసింది నేను. ఆ మాట అక్కడే పైకి అన్నాను, ఎవరూ కాదనలేదు.

మాది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు. తమ్ముడు పోయాక ఆమె ఒడ్డునే బొగ్గుల మీద చేపలు కాల్చి అమ్మేది. విమానాశ్రయం పనులు మొదలయ్యాక కార్లలో జనం రావడం ఎక్కువైంది. నేను చేపల వేట మానేసి ఆమె పొయ్యి దగ్గర కూర్చున్నాను. చేపలు ఆమెవి, నిప్పు నాది.

పొయ్యి అంటే నిలువునా కోసిన ఇనుప డ్రమ్ము. దానికి ఆమె చేయించిన సామాను మూడే. మూరన్నర పట్టకారు. నిప్పులు అటూ ఇటూ నెట్టడానికి, కొసన రేకు అతికించిన చువ్వ. బూడిదకు, మూత బిగువుగా పట్టే డబ్బా. పట్టకారు కొనలు రెండూ సరిగా కలవలేదని కమ్మరిని మూడుసార్లు తిప్పింది. "నిప్పు జారి ఎవుడి కాలి మీదో పడితే నువ్వొస్తావేటి?" అని అడిగింది. అతను మళ్లీ కొలిమి ఊదాడు.

సరుగుడు బొగ్గు ఎర్రగా ఉన్నంతసేపు చేప వేయనిచ్చేది కాదు. పైన తెల్లపొర కట్టాలి. మాడిన కానాగంత చేపలు తానే తినేది, అమ్మేది కాదు.

మొదట్లో ఒకరోజు మిగిలిన నిప్పులను గొయ్యి తీసి ఇసుకలో కప్పేశాను. నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాణ్ణి, ఒక ఆడది నాకు చెప్పేదేమిటని. ఆమె వచ్చి చూసింది.

"నిప్పులేవి బావా?"

"కప్పీసినాను."

"ఎక్కడ?"

చూపించలేకపోయాను. ఇసుకంతా ఒకేలా ఉంది. కాసేపట్లో వల లాగేవాళ్లు ఆ దారినే వస్తారు, అందరివీ ఉత్త కాళ్లు. ఆమె చువ్వ పట్టుకుని ఇసుకలో అడుగడుగునా గుచ్చి చూస్తూ పోయింది. నేను చేతులు చాపి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏటి మావా, టోల్ గేటెట్టినావా?" అని వాళ్లు నవ్వారు. నేను చేతులు దించలేదు.

చివరకు దొరికాయి. తవ్వితే లోపల ఎర్రగానే ఉన్నాయి. "ఇసక కింద నిప్పు సావదు బావా, పడుకుంటాది" అంది. అంతే. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నన్ను పొయ్యి దగ్గర నుంచి లేవమనలేదు.

అప్పటి నుంచి బూడిద ఒక రోజంతా డబ్బాలోనే ఉండాలి. మర్నాడు దాని మీద చెయ్యి ఆనించి చూసి పారబోయాలి. అదీ అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. "అరసేతికి కాయలున్నాయి, అబద్ధం సెప్తాది" అనేది.

ఇప్పుడు నా గోల చెప్తాను. రెండేళ్లుగా షుగరు వల్ల నా చేతులకు స్పర్శ లేదు. ఎవరికీ చెప్పలేదు, మరదలికి కూడా. ఒకసారి కాలుతున్న డబ్బా మూత పట్టుకుని నేను కబుర్లు చెప్తుంటే ఆమె చూసింది. దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. మర్నాటి నుంచి బూడిద తనే పారబోసేది. ఎవరైనా అడిగితే, "బావకి నడుం నొప్పి" అనేది. నాకు ఏనాడూ నడుం నొప్పి లేదు.

మొన్న ఆమె కూతురు పొయ్యి మళ్లీ వెలిగించింది. "నిప్పు నీదే పెదనానా, అమ్మలాగే సూసుకో" అంది. సరేనన్నాను. 

నిన్న సాయంత్రం డబ్బా మూత తీసి బూడిద మీద చెయ్యి ఆనించాను. ఏమీ తెలియలేదు. చల్లారిందో, నా చెయ్యే చచ్చిందో. కార్లు దిగినవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ల వైపు నడుస్తున్నారు. డబ్బా ఎత్తాను. దించాను. మళ్లీ ఎత్తాను. ఇక లాభం లేదని పిల్లను పిలిచాను.

"నా సేతికి వేడి తెలట్నేదే. రెండేళ్లయింది."

"అమ్మకి తెల్సా?"

"తెల్సు."

ఆ పిల్ల బిందెతో నీళ్లు తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, కొంచెం కొంచెంగా డబ్బాలో పోసింది. సుయ్యిమంది. ఇద్దరం దాని ముందు గొంతుక్కూర్చున్నాం. నల్లనీళ్ల మీద బుడగలు లేస్తున్నాయి. ఆగాయనుకుని పిల్ల పారబోయడానికి డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఉండు" అన్నాను.

ఇంకొక బుడగ లేచింది.