పిలిస్తే కాదనని ఫినేయాసి

ఎవరైనా తినమని పిలిస్తే ఫినేయాసి కాదనలేడు. ఆయనలో వింత ఇదొక్కటే. కాకపోతే వాళ్ళ టోంగా దీవుల్లో ఇంతకంటే ప్రమాదకరమైన వింత ఇంకోటి లేదు.

అక్కడ భోంచేస్తున్నవాళ్ళు వీధిన పోయే ప్రతివాణ్ణీ "రా, తిందువుగాని!" అని కేకెయ్యాలి. అది మర్యాద. పోయేవాడు "సంతోషం, మీరు కానివ్వండి" అని నవ్వేసి తన దారిన పోవాలి. అది మరీ మర్యాద. ఊరంతా ఈ రెండు మర్యాదల మీదే చల్లగా బతుకుతోంది. ఫినేయాసికి మొదటిది తెలుసు, రెండోది తెలియదు. పిలవడమే ఆలస్యం, చెప్పులు గుమ్మంలో వదిలి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు.

ఓసారి పాస్టరుగారింట్లో అయిదుగురికీ కలిపి ఒకే ఒక్క చేప. పాస్టరుగారు అలవాటుకొద్దీ కేకేసి, ఆనక నాలిక కరుచుకున్నారు. ఆ పూట వాళ్ళు తలా రెండు పెండలం ముక్కలు తిని లేచారు. "చేప చిన్నదైనా మీ మనసు పెద్దది పాస్టరుగారూ" అని మెచ్చుకుని మరీ పోయాడు ఫినేయాసి. చూసీ పిలవకపోతే పరువు పోతుంది, పిలిస్తే చేప పోతుంది. చేసేది లేక ఊరంతా ఇరవై నిమిషాలు ముందుగా భోంచెయ్యడం మొదలెట్టింది. ఆయనా ఇరవై నిమిషాలు ముందుగానే బయల్దేరాడు.

బరువు నూట అరవై మూడు కిలోలకు చేరింది. షుగరొచ్చింది, మోకాళ్ళు మొరాయించాయి. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు కలోలైనె ఆయన తమ్ముడి కూతురే. వాళ్ళ నాన్న ఇదే షుగరుతో నలభై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఇప్పుడు పెదనాన్నను చూస్తుంటే ఆ పిల్లకు మనసు నిలవడం లేదు.

రెండేళ్ళకోసారి పక్క దీవిలోని రాజధాని ఆసుపత్రికి బయటి దేశం డాక్టర్లు వచ్చి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్లు చేసిపోతారు. ఈసారి ఫినేయాసి పేరు రాసుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. పన్నెండు వారాల్లో ఎనిమిది కిలోలు తగ్గాలి. చిన్న పళ్లెం, నెమ్మదిగా నమలడం, రోజూ గంట నడక ఇప్పట్నించే అలవాటు కావాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"నడుస్తావా పెదనాన్నా?"

"పరిగెడతానే అమ్మాయ్!"

మాట తప్పలేదు, రోజూ సాయంత్రం గంట నడిచాడు. శుక్రవారం తూకానికి నిలబెడితే మూడు కిలోలు పెరిగాడు.

కలోలైనె నోరు వెళ్ళబెట్టింది. "నడిస్తే పెరగడమేంటి?"

"నాకేం తెలుసు? మీ వైద్యంలో ఏదో తిరకాసుంది."

మర్నాడు వెంటపడి చూసింది. ఆయన నడిచే వీధిలో పదమూడిళ్ళున్నాయి. పదమూడిళ్ళవాళ్ళూ పిలిచారు, ఆయన పదమూడిళ్ళలోనూ కూర్చున్నాడు.

"సిగ్గులేదూ పెదనాన్నా?"

"డాక్టరు నడవమన్నాడు, నడిచాను. జనం తినమన్నారు, తిన్నాను. ఎవరి మాటా తీసెయ్యలేదు కదే!"

కలోలైనె ఆయన్ని సముద్రపొడ్డుకు మార్చింది. అక్కడ ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ళు పిలిచారు. తెల్లవారుజాముకు మార్చింది. వలలు లాగేవాళ్ళు పిలిచారు. ఆఖరికి ఎవరూ పిలవని చోటు ఊళ్ళో ఒక్కటే దొరికింది, శ్మశానం. సాయంత్రం పూట ఇసక దిబ్బల సమాధుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తిరిగి తిరిగి తోచక పూలు సర్దాడు, కలుపు పీకాడు, వాళ్ళ తాతకు ఊరి కబుర్లన్నీ చెప్పాడు. ముద్దకు ముప్ఫైసార్లు నమలమంటే పైకి లెక్కపెడుతూ నమిలేవాడు. మధ్యలో లెక్క తప్పితే నిజాయితీగా ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు.

బరువు తగ్గసాగింది. మనిషి మాత్రం కుదురుగా లేడు. రోజూ అదే ప్రశ్న.

"లవీనియా ఇవాళేం వండింది?"

"ఆ తిండి గోల ఎత్తకు పెదనాన్నా!"

"తినను లేవే. ఏం వండిందో చెప్పు చాలు."

లవీనియా ఆ పదమూడిళ్ళ వీధిలో చివరింటి ముసలావిడ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. రోషం మాత్రం బోలెడంత.

పన్నెండో వారం మొదట్లో ఆవిడ బీపీ చూపించుకోవడానికొచ్చింది. తూకం చూసి కలోలైనె అదిరిపోయింది. పెదనాన్న ఏడు కిలోలు తగ్గితే ఈవిడా అయిదు తగ్గింది.

"ఏం మామ్మా, తినట్లేదా?"

"ఒక్కదాన్నే కూచుంటే ముద్ద దిగదే పిల్లా. గుమ్మంలో కూచుని అందర్నీ కేకేస్తాను. సంతోషం, సంతోషం అనుకుంటూ పోతారు. మీ పెదనాన్నొక్కడే వచ్చేవాడు. వాడికి వడ్డిస్తూ నేనూ పళ్లెం ఖాళీ చేసేదాన్ని. ఇప్పుడు ఆ తిండిపోతు కూడా మానేశాడంటే, నా చేతివంట అంతగా పాడైపోయిందేమోననుకున్నా."

ఆవిడ గుమ్మం ముందునుంచి "సంతోషం మామ్మా" అనుకుంటూ పోయినవాళ్ళలో తానూ ఉంది. కలోలైనెకు చచ్చేంత సిగ్గేసింది. తిన్నగా శ్మశానానికి నడిచింది.

సంగతి వింటూనే ఫినేయాసి చేతిలోని కలుపు పారేశాడు. "నాకు ఆపరేషనొద్దే అమ్మాయ్."

"ఎందుకొద్దు?"

"కడుపు కోసేస్తే నాలుగు చెంచాలకే నిండిపోతుందట కదా? నాలుగు చెంచాలు తినేవాడు ఎదురుగా కూచుంటే ఆ ముసల్ది ఎన్ని తింటుంది? రెండు."

"మా నాన్న ఇక్కడే ఉన్నాడు, చూశావా?" కలోలైనె ఓ ఇసక దిబ్బ చూపించింది. "నీక్కూడా ఇక్కడే చోటు చూడమంటావా? నువ్వు పోతే నాకెవరున్నారు? మామ్మ దగ్గర నేను కూచుంటాను. నువ్వెళ్ళిన రోజునుంచీ రోజూ కూచుంటాను. నువ్వు పడవెక్కు."

ఆయన తమ్ముడి దిబ్బ మీద పూలు సర్దాడు. "ఒట్టేనా?"

"ఒట్టు."

"నువ్వు పిట్టలా తింటావు. గట్టిగా తినాలి మరి."

ఆ వారం ఆఖరుకు మొత్తం ఎనిమిది కిలోల రెండువందల గ్రాములు తగ్గి పడవెక్కాడు. మర్నాడే ఆపరేషన్ బాగా జరిగింది. మూడోరోజు సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉన్నా ప్రశ్న మాత్రం మారలేదు.

"లవీనియా ఏం వండింది?"

"చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి. మొన్నా నిన్నా పళ్లెం ఖాళీ చేసింది. ఇవాళా వెళ్తున్నా, సరేనా?"

"మిగతా ఇళ్ళు?"

"ఏ ఇళ్ళు?"

"ఓసి పిచ్చిదానా! రెండ్రోజులూ ఆవిడింటికొక్కదానికే వెళ్ళావా?"

"ఏం?"

"నేనూ మొదట్లో అలాగే వెళ్ళాను. మూడోరోజు తలుపేసుకుంది. ఒంటరిదాన్నని జాలిపడి తినడానికొస్తున్నావా, పో అంది. అప్పట్నించీ పిలిచిన ప్రతి ఇంట్లోనూ తిన్నాను. వీడు ఉత్త తిండిపోతు అని ఊరంతా అనుకుంటేగాని ఆవిడ తలుపు తియ్యలేదు."

"మిగతా పన్నెండిళ్ళూ అందుకేనా పెదనాన్నా?"

ఆయన కాస్త తటపటాయించాడు. "ఓ ఏడెనిమిది అందుకే. మిగతావాళ్ళు బాగా వండుతారు."

"మరిప్పుడు నేనేం చెయ్యను?"

"ఇవాళ మూడోరోజు. ఆలస్యం చెయ్యకు."

ఫోన్ పెట్టేసి కలోలైనె వీధిలోకి పరిగెత్తింది. మొదటిది పాస్టరుగారిల్లు. "రా తల్లీ, తిందువుగాని!" అని లోపల్నించి కేకేశారాయన, అలవాటుకొద్దీ. కలోలైనె గుమ్మంలో చెప్పులు విడిచింది.