పదో రీలు మొదట్లో

మా ఆయన ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరు. రీళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చాక ఇంట్లో కూర్చున్నారు గానీ, సినిమాల మీద తీర్పులు చెప్పడం మాత్రం మానలేదు. ఇప్పటి సినిమాల్లో తలుపు మామూలుగా తీసేవాడు ఒక్కడూ లేడట, అందరూ తన్నేవాళ్ళేనట. పాత సినిమాల్లో ఆడమనిషి ఏడిస్తే, ప్రొజెక్టరు మిషన్ల హోరులో కూడా జనం ముక్కులు చీదుకోవడం తన గదిలోకి వినపడేదట. ఒకప్పుడు వీధి చివరి టీ కొట్టులో ఈయన ‘పర్లేదు’ అంటేనే నలుగురూ టికెట్టు కొనేవారు.

ఇప్పుడా కొట్టులో అందరూ మా తమ్ముడి వీడియోలు చూస్తున్నారు. వాడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు కొత్త సినిమాల మీదా పాత సినిమాల మీదా తనకు తోచింది ఫోన్లో చెప్పి పెడుతుంటాడు. చిన్నప్పుడు ఈయన చలవతోనే హాల్లో ఉచితంగా చూసినవాడు. అదీ ఈయన కడుపుమంట.

“నేను వేస్తే చూసినవాడు నాకు సినిమా చెబుతాడా?” అంటూనే, పెరట్లో చాటుగా నిలబడి చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్క వీడియో కూడా వదలరు. నాకు నవ్వొచ్చేది. అయినా కుళ్ళంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. పెళ్ళైన కొత్తలో ఈయన ఆ రెండు మిషన్లనీ తుడుచుకునే తీరు చూసి ఉడుక్కున్నదాన్నే.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున హాలు యజమాని పాత సినిమా ఒకటి వేస్తూ, ముందు పది నిమిషాలు దాని గురించి మాట్లాడమని మా తమ్ముణ్ణి పిలిచాడు. ఈయన్ని వచ్చి చూడమన్నాడు, అంతే. ఆ సినిమాని వంద రోజులు ఆడించింది ఈయన. ఆ వారమంతా ఈయనకి అన్నం సయించలేదు.

“ఒక్క తప్పు చెప్పనీ. అక్కడే పట్టుకుంటా” అన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, నన్ను పక్కన పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు.

తమ్ముడు బాగానే మాట్లాడాడు. “కొడుకు పోయాడని ఉత్తరం వచ్చాక కూడా ఆ తల్లి వాడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతుంది. ఏడవదు. ఇన్ని సినిమాలు చూశాను గానీ, నాకు అంతకంటే మంచి సీను కనపడలేదు” అన్నాడు.

మా ఆయన లేచి నిలబడ్డారు. “ఆ సీను ఈ సినిమాలో లేదు. వంద రోజులు, రోజుకి నాలుగాటలు వేశాను. నాకా చెబుతున్నావు?”

“ఉంది బావా” అన్నాడు వాడు మెల్లగా.

“లేదన్నానా.” పట్టేశానన్నట్టు నా వైపు చూసి కూర్చున్నారు. నేను తల తిప్పుకున్నాను. ఆ సీను ఉంది.

సినిమా నడిచి నడిచి అక్కడికొచ్చింది. తల్లి ఉత్తరం మడిచి పక్కన పెట్టి, సూదిలో దారం ఎక్కించింది. ఈయన ముందుకు వంగారు.

“రీలు మార్పు” అన్నారు, నాకు మాత్రమే వినపడేట్టు.

తొమ్మిదో రీలు ఉత్తరం దగ్గర అయిపోయేది. రెండో మిషను మీద పదో రీలు మొదలవగానే ఈయన తెరకి వీపు పెట్టి, అయిపోయిన రీలు విప్పి, వెనక్కి చుట్టి, మొదటి మిషనుకి పదకొండోది ఎక్కించుకోవాలి. మళ్ళీ కిటికీలోంచి చూసేసరికి ఆ తల్లి బస్సులో ఉండేది. నాలుగు వందల ఆటలూ అంతే.

బయట తమ్ముడు పలకరించబోతే ఆగలేదు. ఇంటికి నడుస్తూ అడిగారు.

“నువ్వు చూశావా, అప్పట్లో?”

“వారం వారం చూసేదాన్నిగా, వెనక వరసలో కూర్చుని.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదే?”

“వేసింది మీరేగా. చూశారనుకున్నా.”

మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తమ్ముడి వీడియోలు మాత్రం ఇప్పుడు అందరి ముందే చూస్తున్నారు. వాడి మీద కుళ్ళంతా నా మీదికి మళ్ళింది.

నిన్న సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చేతిలో కాగితం, దాని నిండా పాత సినిమాల పేర్లు.

“ఒక్కోటీ మొదట్నించీ చెప్పు” అన్నారు. “ఏదీ వదలకు.”