పురికొస ముక్క

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో ఆటోలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. అందులో ఒకటి మా జేజినాయనది, అంటే మా తాతది. పాత పెట్రోలు బండి. ముందు స్కూటరుకు ఉన్నట్లు హ్యాండిలు, వెనక సీటు కింద ఇంజను. దానికి చేసే సేవలో సగం తనకు చేసి ఉంటే మోకాళ్ల నొప్పులు ఎప్పుడో పోయి ఉండేవని మా జేజి దెప్పేది. జేజినాయన విననట్లు ఇంజను తుడుచుకునేవాడు.

మా పక్కింట్లో, నేను పిన్ని వరసన ఖాలా అని పిలిచే ఆమె ఉండేది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. పోయి రెండేళ్లు దాటింది. ఇంట్లో ఖాలా, ఆమె అత్త, ఇద్దరే. ఆ ముసలామెను వీధి వీధంతా నానమ్మ అన్నట్లు దాదీ అనే పిలిచేది. అవి ఇళ్లలో ఫోన్లు లేని రోజులు. నెలకో ఉత్తరం వస్తే అదే పండగ. ఒకసారి ఆయన ఉత్తరంలో, ఫలానా శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు ప్రొద్దుటూరులో తనకు తెలిసిన బట్టలంగడికి ఫోను చేస్తానని, అమ్మను తప్పకుండా తీసుకురమ్మని రాశాడు. దాదీ నడుము పట్టేసిన మనిషి, బస్సు మెట్లు ఎక్కలేకపోయేది. మా జేజినాయన బండే దిక్కయింది. రెండేళ్ల తర్వాత కొడుకు గొంతు వినబోతున్నానని ఆమె వారం ముందునుంచే కనబడినవాళ్లందరి దగ్గరా ఏం మాట్లాడాలో చెప్పి చూసుకునేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తెలివికి లోటు లేదు గాని చొరవే కాస్త ఎక్కువ. కడుపునొప్పని బడి ఎగ్గొట్టి, ఆ సంగతి మరిచిపోయి అందరికంటే ముందు ఆటో ఎక్కి కూర్చున్నాను.

రెండు గంటలకు బయలుదేరాం. సగం దారి దాటాక ఇంజను ఆడుతూనే ఉంది గాని బండి మెల్లమెల్లగా నిలబడిపోయింది. జేజినాయన హ్యాండిలు తిప్పితే అది ఉత్తుత్తిగా తిరిగింది. యాక్సిలేటర్ వైరు తెగిందని ఆయన బండి దిగకముందే చెప్పాడు. కొత్త వైరు సీటు కింద ఎప్పుడూ ఉండేది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. దాదీని తుమ్మచెట్టు నీడలో ఒక నాపబండ మీద కూర్చోబెట్టాం.

ఆ వైరు హ్యాండిలు దగ్గర మొదలై, అడుగు రేకు కింద ఉన్న ఇనుప గొట్టంలో దూరి, వెనక ఇంజను దాకా పోతుంది. పై తొడుగు కూడా చివికిపోవడంతో మొత్తం మార్చాల్సి వచ్చింది. జేజినాయన రెండు చివర్లూ విప్పాడు. తర్వాత సంచంతా వెతికి, పురికొస లేదని తెలుసుకున్నాడు. అల్లంత దూరంలో పత్తి చేలో మనుషులు కనబడుతున్నారు. అడిగి తెస్తానని, తాను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని నాకు ప్రత్యేకంగా చెప్పి పోయాడు.

ఖాలా చేతికి భర్త పంపిన గడియారం ఉండేది. ఆమె దాన్ని చూసుకోవడం, రోడ్డును చూడడం, మళ్లీ దాన్ని చూసుకోవడం నేను గమనించాను. పాపం, ఆమెకు టైము మిగిలిద్దామనుకున్నాను. ఎట్లాగూ పాత వైరు తీసేయాల్సిందే కదా అని ముందు వైపు కొస పట్టుకుని లాగాను. రెండు చోట్ల అడ్డం పడింది. కాలు తన్నిపెట్టి గట్టిగా లాగితే మొత్తం ఊడి వచ్చింది. దాన్ని చుట్టగా చుట్టి, జేజినాయన మెచ్చుకుంటాడని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను.

ఆయన పురికొస తీసుకుని వచ్చాడు. నా చేతుల్లో చుట్ట చూశాడు.

"పావడాకు బొందు మార్చేటప్పుడు మీ జేజి ఏం చేస్తాది పాపా?"

పాత బొందు కొసకు కొత్తది కట్టి లాగుతుందని చెప్పాను. చెబుతుండగానే నాకు అర్థమైంది. పాత వైరు వెనక కొసకు పురికొస కట్టి ముందునుంచి లాగితే, వైరు నడిచిన దారిలోనే పురికొస నడిచి వస్తుంది. దానికి కొత్త వైరు కట్టి వెనక్కి లాగితే పని పది నిమిషాలు. ఆ పురికొస ఇప్పుడు ఆయన చేతిలో ఉంది, దారి మాత్రం పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో పుస్తకంలో చదవకముందే చూశాను.

కొత్త వైరును ఎన్నిసార్లు తోసినా గొట్టం వంపు దగ్గర మడత పడి వెనక్కి వచ్చింది. చివరికి ఖాలాయే లేచి వచ్చి, "నాడా ఊడిపోతే మేం పిన్నీసు పెట్టి తోస్తాం మామా, దీనికి గూడ అట్లాంటిది ఏందన్నా ఉండాది గదా," అంది. జేజినాయన చేని కంచెకు చుట్టిన బిరుసు తీగ కొంత విప్పుకొచ్చాడు. అది కూడా వంపులో తట్టుకుంది. నా చెయ్యి చిన్నది కాబట్టి అడుగు రేకు సందులోంచి పెట్టి, తీగ కొసను వేళ్లతో తడిమి తిప్పాను. అది అవతల బయటపడ్డాక దానికి కొత్త వైరు కట్టి లాగాం. మోచెయ్యి దోక్కుపోయింది. ఏడవడానికి నాకు ముఖం చెల్లలేదు. అంత తొందరలోనూ ఆయన వైరు బిగించాక హ్యాండిలు ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి, ఇంజను తనంతట తాను వేగం అందుకోవడం లేదని చూసుకునే బండి కదిలించాడు.

మేం చేరేసరికి అయిదు కావస్తోంది.

"రెండుసార్లు మోగింది పెద్దాయనా. ఎవరూ రాలేదనే చెప్పినా," అన్నాడు అంగడాయన.

"తప్పు నాదేనమ్మా," అని జేజినాయన ఖాలా వైపు తిరిగి చెప్పాడు. "పురికొస పెట్టుకోకుండా బండి తీసినా."

నా పేరు ఎత్తలేదు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. దాదీ ఆ నల్ల ఫోను పక్కన స్టూలు మీద కూర్చుంది. మోగకపోయినా ఒకటి రెండుసార్లు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అంగట్లో దీపాలు వేసేదాకా ఉండి తిరిగి వచ్చేశాం. దారి పొడవునా ఖాలా బయటికే చూస్తూ కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

జరిగింది రాస్తూ ఖాలా మరునాడే ఉత్తరం వేసింది. జవాబు రావడానికి నెలన్నర పట్టింది. దాన్ని ఆమె అరుగు మీద కూర్చుని దాదీకి చదివి, మాకు తెలుగులో చెప్పింది. ఎవరూ రాలేదని అంగడాయన రెండుసార్లూ చెప్పేసరికి ఖాలా భర్త చెడ్డగానే ఊహించుకున్నాడట. తన గొంతు కోసం పాకుతూనైనా వచ్చే అమ్మ రాలేదంటే ఇక లేదన్నమాటే, ఆ మాట చెప్పలేక ఇంట్లోవాళ్లు దాస్తున్నారు అనుకున్నాడట. ఖాలా ఉత్తరం అందేదాకా మూడు వారాలు ఆయన అట్లాగే అనుకుంటూ బండి నడిపాడు. తల్లి పేరు మీద, చనిపోయినవాళ్లకు చదివించే ఫాతిహా కూడా చదివించాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి అంత దూరాన, పక్కన తోడు లేకుండా, బతికున్న తల్లికోసం ఏడ్చింది నేను లాగిన వైరు వల్లే. జేజినాయన నా వైపు చూశాడు. నా తప్పు ఆయన మోయడం నేను ఇంక చూడలేకపోయాను. లేచి దాదీ దగ్గరికి పోయి, "ఆ పొద్దు వైరు లాగింది నేను. జేజినాయన కాదు," అని చెప్పి ఏడ్చేశాను.

దాదీ నా మోచేతి మీద మచ్చను బొటనవేలితో రుద్దింది.

"నేను పోతే నా కొడుకు ఎంత ఏడుస్తాడో బతికుండంగనే తెలుసుకున్యా. శానామందికి దొరకదు పాపా అది," అంది. తర్వాత ఖాలా వైపు తిరిగి, "నాకు ఫాతిహా గూడ అయిపాయె, ఇంగ ఆ ఖర్చు లేదులే," అంది. అప్పుడు ఖాలా నవ్వింది. ఆ శుక్రవారం తర్వాత నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

మా జేజినాయన మరునాడు బండి హ్యాండిలుకు ఒక పురికొస ముక్క కట్టాడు. బండి అమ్మేదాకా అది అక్కడే ఉంది. ఎందుకని ఎవరైనా అడిగితే నా వైపు చూడకుండా జవాబు చెప్పేవాడు.

ఇప్పుడు ఖాలా మనవడు కువైట్‌లోనే ఉన్నాడు. రోజూ వీడియోలో తాను వండిన కూర చూపించి, ఉప్పు ఎక్కువైందని ఆమెతో చీవాట్లు తింటాడు. నేను ఏది మార్చినా, ఆఖరికి దిండుగలీబుకు బొందు మార్చినా, పాతదాని కొసకు ముడి వేయనిదే లాగను. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరు ఫోను చేసినా హలో కంటే ముందు "అందరం బాగుండాం" అంటాను. మేం అడగలేదు కదమ్మా అని మా పిల్లలు నవ్వుతారు. అడిగేలోపు అవతలి మనిషి ఏమేమి అనుకుని ఉంటాడో వాళ్లకు తెలియదు.