బోరు మోటారు అర్జీ

కౌన్సిలర్ భీమశంకరానికి మనిషి గొంతుతో ఫిర్యాదు చేయడం చేతకాదు. రోడ్డు పాడైతే గుంతలో పడ్డ లారీలా మూలుగుతాడు. వీధిదీపం వెలగకపోతే బెదిరిన కుక్కలా మొరుగుతాడు. ఇరవై ఏళ్లు జోగిపేట నుంచి పటాన్‌చెరు దాకా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో మిమిక్రీ చేసిన నోరది. ఓట్లడగడానికి వచ్చినప్పుడు కూడా ఇంటింటి ముందూ నీళ్లు రాని నల్లాలా "సుయ్‌ఁ" మని ఊదాడు. జనం నవ్వి నవ్వి గెలిపించారు.

నవ్వు రానిది ఒక్క జ్యోతికే. మునిసిపల్ ఆఫీసులో సమావేశాల మినిట్స్ రాసే జూనియర్ అసిస్టెంట్ ఆమె. మొరుగుడును తీర్మానంలో ఎట్లా రాయాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు మరి.

"భీమన్నా, ఫిర్యాదు చేసినోళ్ల పేరు చెప్పుండ్రి. ఆడిట్‌ల నన్ను నిలబెడ్తరు."

"రాస్కో జ్యోతమ్మా, కుక్క."

"ఇంటిపేరు?"

"వీధి."

మొన్నటి సమావేశంలో పటేల్‌గూడ బోరు నీళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయన్న సంగతి వచ్చింది. అనుమానం పక్క రసాయనాల కంపెనీ మీద కాబట్టి, దాని మేనేజర్ మురళీమోహన్‌ను కూడా పిలిపించారు. భీమశంకరం లేచి, దగ్గి దగ్గి ఆగిపోయే మోటారైపోయాడు. సభ గొల్లుమంది. మేనేజర్ నవ్వలేదు.

"గీ కథలొద్దు. ఎవరు చెప్పిండ్రు? మా కాంట్రాక్టు లేబరే అయ్యుంటడు. పేరు చెప్పుండి, రేపట్నుంచి గేట్లకు రానియ్య."

భీమశంకరం మళ్లీ దగ్గాడు.

"పేరు లేకుంటే నీళ్ల పరీక్ష లేదు," అన్నాడు చైర్మన్ విసుగ్గా. "చెప్తవా, ఫిర్యాదు కొట్టేయమంటవా?"

భీమశంకరం గొంతు బొంగురుపోయింది. అయినా దగ్గుతూనే ఉన్నాడు.

జ్యోతి పాత పేజీలు తిప్పింది. లారీ, కుక్క, బర్రె, ట్రాన్స్‌ఫార్మరు. మూడేళ్లలో ఒక్క మనిషి పేరు లేదు. ఒక్క మనిషి నౌకరీ కూడా పోలేదు. ఈయన్నా తను ఇన్నాళ్లూ తిట్టుకున్నది అని ఆమెకు సిగ్గేసింది. పెన్ను తీసి గబగబా రాసింది.

"పేరుంది సార్. ఫిర్యాదుదారు: బోరు మోటారు, ఐదు హెచ్‌పీ. వయసు పదకొండేండ్లు. పటేల్‌గూడ రెండో గల్లీ."

"గిదేం పేరమ్మా?"

"మన ఆస్తుల రిజిస్టర్‌ల ఉన్న పేరే సార్. కింద మీరే సంతకం పెట్టిండ్రు."

చైర్మన్ గడ్డం గోక్కున్నాడు. రేపే నీళ్లు పరీక్షకు పంపమన్నాడు. మేనేజర్ ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"భీమన్నా, ఫిర్యాదుదారు సంతకం కావాలె," అంది జ్యోతి, ముఖం బిగపట్టుకుని.

భీమశంకరం ఈసారి దగ్గలేదు. బాగైన మోటారై, ట్యాంకు నిండేదాకా సాఫీగా నడిచాడు.