బొబ్బ పురుగుల చుట్టరికాలు

స్నేహితురాలు నెయిల్ పాలిష్ తుడుచుకుంటుంటే ఆ ఘాటు వాసనకి బ్రిటన్‌లో, కార్డిఫ్‌లోని మా వంటింటి బల్ల గుర్తొచ్చింది. అమ్మ యూనివర్సిటీలో బొబ్బ పురుగుల మీద పరిశోధన చేసేది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పురుగులవి. ఇంటికి తెచ్చిన ఎండు పురుగుల్ని అదే వాసనేసే మందుతో తుడిచి, ఏది దేనికి చుట్టమో తేల్చేది.

"ఇవి ఒకేలా ఉన్నా చుట్టాలు కావు కన్నా. రంగులు వేరైనా ఈ రెండూ అక్కచెల్లెళ్ళు. నేనే కనిపెట్టాను," అని మురిసిపోయేది.

నా ఏడో ఏట, ఓ సాయంత్రం ఫోన్ పెట్టేసిన అమ్మ కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"డిడ్ ద బీటిల్ గెట్ యు, అమ్మా?" అన్నాను, పురుగు తగిలిందేమోనని.

"ఆ, అదే కన్నా," అంది.

తడిగుడ్డ తెచ్చి కళ్ళకద్దాను. ఆ పురుగుల మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను.

ఆ రోజు ఫోన్ చేసింది అమ్మ ప్రొఫెసర్ అని పెద్దయ్యాక నాన్న చెప్పారు. అమ్మ కాంట్రాక్టు ముగిసింది కాబట్టి, ఆమె తేల్చిన చుట్టరికాలన్నీ తన ఒక్కడి పేరుతోనే అచ్చవుతాయన్నాడట ఆ ప్రొఫెసర్.

అమ్మ ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పనికి చేరింది. మరుసటి ఏడు స్కూల్ ప్రాజెక్టు కోసం పార్కులో ఓ పురుగుని పట్టి, ఇదేమిటని అడిగాను. అమ్మ దానివైపు తలైనా తిప్పలేదు.

"నాకేం తెలుసు? మీ టీచర్‌ని అడుగు," అంది.